తప్పు పేజీలో దిద్దితే పోదు, స్టైల్‌లో దిద్దాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఒత్తులు విడిపోయిన ఫ్లెక్సీల గురించి, అక్షరాలు తారుమారైన పెళ్లికార్డుల గురించి మీ పేజీలో పాఠకుల ఉత్తరాలు అప్పుడప్పుడు చూస్తుంటాను. దాదాపు అందరూ చివరికి తేల్చేది ఒకటే, డీటీపీ కుర్రాళ్లకి తెలుగు రాదని, లేదంటే కంప్యూటర్‌కి తెలుగు పడదని. విజయవాడలో పేజీలు కట్టే పనిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ రెండు మాటల్లో ఏదీ నిజం కాదు. తెలుగు బాగా వచ్చి, ప్రూఫు శ్రద్ధగా చూసుకునేవాళ్ల పుస్తకాల్లో కూడా ఇవే తప్పులు పడుతున్నాయి. కారణం ఎక్కువ సార్లు టెంప్లేట్‌లో, అందులోని స్టైల్స్‌లో ఉంటోంది. వాటిని తెరిచి చూడాలని మన ఆపరేటర్లకి నేర్పినవాళ్లు లేరు, అందుకే ఈ ఉత్తరం.

ఈ పని తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. బాడీ మేటర్‌కి ఏ ఫాంటు, ఎంత సైజు, లైనుకీ లైనుకీ మధ్య ఎంత ఖాళీ, పేరా మొదట్లో ఎంత జరపాలి, ఏ భాష, ఇవన్నీ ఒకచోట పెట్టి దానికొక పేరు ఇస్తే అది స్టైల్. అలాంటి స్టైల్స్ అన్నీ సర్ది, కొలతలు గీసిన ఖాళీ పేజీలతో సహా దాచుకున్న ఫైలు టెంప్లేట్. పత్రికలైనా సావనీర్లైనా స్కూల్ మ్యాగజైన్లైనా వీటి మీదే నడుస్తాయి. ఒక్క సెట్టింగ్ తేడాగా ఉన్నా ఆ తేడా పుస్తకం మొత్తానికి పాకుతుంది, అదే ఒక్కచోట సరిచేస్తే పుస్తకం మొత్తం సర్దుకుంటుంది కూడా.

ఈమధ్య ఒక సంస్థవాళ్ల సావనీర్ ఫైలు మా దగ్గరికి వచ్చింది. పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కట్టారు, యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంకేతం ఉండే పద్ధతి) ఫాంటే వాడారు, వర్డ్‌లో చూస్తే మేటర్ శుభ్రంగా ఉంది, పేజీలోకి వచ్చేసరికి మాత్రం ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అయి కూర్చుంది. అక్కడి ఆపరేటర్ కనిపించిన ప్రతిచోటా ఆ మాటని వేరే పాత ఫాంటులో టైపు చేసి అతికించుకుంటూ పోయాడు. ఎంత ఓపిక! కానీ చెమ్మ పట్టిన గోడకి పైన సున్నం కొట్టినట్టే అది, అవతలి పేజీలో ‘రాష్ట్రం’ దగ్గర మళ్లీ అదే గొడవ. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా వరసగా ఆరు సంకేతాలు. వాటిని కలిపి ఒత్తులుగా మలిచే పని ఫాంటూ, సాఫ్ట్‌వేర్‌లోని కంపోజరూ (అక్షరాలని లైన్లుగా పేర్చే భాగం) కలిసి చేస్తాయి. ఇన్‌డిజైన్‌లో మామూలు అడోబీ పేరాగ్రాఫ్ కంపోజర్‌కి ఆ పని చేతకాదు, మనకి కావలసింది అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచి తెలుగుతో కలిపి 10 భారతీయ భాషలకి ఈ వసతి ఉంది. పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్ అనే విభాగంలోకి వెళ్తే అడుగున కంపోజర్ అని ఒక గడి కనిపిస్తుంది. మార్చాల్సింది అక్కడ.

ఇక్కడే ఇంకో చిక్కు. ప్రిఫరెన్సెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి వరల్డ్-రెడీ అని పెట్టేశాం కదా, ఇంకా ఎందుకు రావట్లేదు అని చాలామంది ఫోన్లు చేస్తుంటారు. ప్రిఫరెన్సెస్‌లో మార్చినంత మాత్రాన పాత టెంప్లేట్‌లో ముందే తయారై ఉన్న స్టైల్స్ వాటంతట అవి మారవు. పోనీ మూలంలో ఉన్న స్టైల్ ఒక్కటి మారిస్తే చాలా అంటే, దాని మీద ఆధారపడ్డ స్టైల్స్‌కి మాత్రమే ఆ మార్పు అందుతుంది, అదీ ఆ స్టైల్స్‌లో కంపోజర్‌ని ఎవరూ విడిగా మార్చి ఉండకపోతేనే. ప్రతి స్టైల్‌లోనూ ‘బేస్డ్ ఆన్’ అని ఒక గడి ఉంటుంది, దాని తల్లి ఎవరో అక్కడ తెలుస్తుంది. కింద స్టైల్ సెట్టింగ్స్ అనే పెట్టెలో తల్లికీ పిల్లకీ ఉన్న తేడాలన్నీ వరసగా రాసి ఉంటాయి. ఆ నాలుగు లైన్లు చదివితే తప్పు ఎక్కడ మొదలైందో సగం సార్లు అక్కడికక్కడే దొరికిపోతుంది, అయినా ఆ పెట్టె వంక చూసే ఆపరేటర్‌ని నేను చాలా అరుదుగా చూశాను.

స్టైల్ సరిచేశాక కూడా కొన్ని పేరాలు మొండికేస్తాయి. అలాంటి పేరాలో కర్సర్ పెట్టి స్టైల్స్ ప్యానెల్ చూడండి, పేరు పక్కన చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. ఎవరో ఆ పేరాని స్టైల్‌తో సంబంధం లేకుండా చేత్తో మార్చారని దానర్థం. ఆల్ట్ నొక్కిపట్టి స్టైల్ పేరు మీద క్లిక్ చేస్తే ఆ చేతిమార్పులన్నీ పోయి స్టైల్‌లో ఉన్నట్టే వస్తుంది. అయితే తొందరపడి మొత్తం పుస్తకం సెలెక్ట్ చేసి ఈ పని చేయొద్దు, ఎందుకంటే రచయిత కావాలని బోల్డ్ చేయించుకున్న మాటలు కూడా వాటితో పాటే పోతాయి, ఆయన ప్రూఫు చూసినప్పుడు గోల చేస్తాడు, చేయాలి కూడా. ముందు ఫైండ్ చేంజ్‌తో బోల్డ్ మాటలన్నిటినీ వెతికి వాటికొక క్యారెక్టర్ స్టైల్ (పేరా మొత్తానికి కాక కొన్ని మాటలకే వర్తించే స్టైల్) ఇచ్చేసి, ఆ తర్వాత తుడవాలి.

బోల్డ్ అంటే గుర్తొచ్చింది. మండలి, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు చూడటానికి చాలా బాగుంటాయి, కానీ ఒక్క బరువులోనే, అంటే ఒక్క మందంలోనే వస్తాయి, వాటికి విడిగా బోల్డ్ లేదు. పాత టెంప్లేట్‌లో స్టైల్ ‘బోల్డ్’ అడుగుతూ ఉండగా మనం ఫాంటు మాత్రం మండలికి మార్చామనుకోండి, సాఫ్ట్‌వేర్ లేని ఫాంటు కోసం వెతికి పేజీ నిండా గులాబీ రంగు పూస్తుంది. ఫాంటు ఇన్‌స్టాల్ చేసే ఉంది కదా, మిస్సింగ్ అంటుందేంటని టెన్షన్ పడనక్కర్లేదు. స్టైల్‌లో బోల్డ్ తీసి రెగ్యులర్ పెట్టండి, లేదా నోటో సాన్స్ తెలుగు లాగా చాలా బరువుల్లో దొరికే ఫాంటు తీసుకోండి. ఫైండ్ ఫాంట్ పెట్టెలో ఫాంటు మార్చేటప్పుడు స్టైల్‌ని కూడా మార్చమనే టిక్కు ఒకటి ఉంటుంది, అది పెట్టి చేంజ్ ఆల్ కొడితే మార్పు స్టైల్‌లోకే వెళ్తుంది. అది పెట్టకపోతే ఉన్న పేరాలన్నిటికీ ప్లస్ గుర్తులు వచ్చి పడతాయి.

పాత ఫాంట్ల కథ వేరు. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, 2004లో దాని అభివృద్ధి ఆపేశారు, అయినా ఈ రోజుకీ దాని మీద, అను అనే యూనికోడ్ కాని తెలుగు ఫాంట్ల మీద పని చేసే షాపులు మన ఊళ్లలో ఉన్నాయి. వాళ్లని నేను తప్పు పట్టను. ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లున్నాయి, చేతికి అలవాటైన కీబోర్డు ఉంది, ఆ అక్షరాల అందానికి అలవాటు పడ్డ కస్టమర్లున్నారు. కాకపోతే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంటాయి, అంటే మనకి తెలుగులా కనిపిస్తున్నది సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇంగ్లీషే. దీన్ని పట్టుకుంటే సగం చిక్కుముడులు విడిపోతాయి.

ఎలాగంటే, కార్డులూ బొమ్మలూ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో, టైపు చేస్తుండగానే దానంతట అదే దిద్దే క్విక్‌కరెక్ట్ అని ఒకటి ఉంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దబడి (క్యాపిటల్) చేయమనే టిక్కు అందులో ఉంటే, ఇంగ్లీషుకి అది మేలే, పాత తెలుగు ఫాంటులో మాత్రం చిన్నబడి అక్షరం చోట ఒక తెలుగు ముక్క, పెద్దబడి చోట ఇంకో ముక్క ఉంటాయి కాబట్టి ప్రతి వాక్యం మొదటి అక్షరమూ ఇంకేదో అయిపోతుంది. టైపు చేసినవాడు కరెక్టుగానే కొట్టాడు, నింద మాత్రం వాడికే. నిలువు కోట్స్‌ని వంపు కోట్స్‌గా మార్చే సెట్టింగ్ ఇన్‌డిజైన్‌లోనూ ఉంది, అది కూడా ఇలాగే ఒక అక్షరం ముక్కని మింగేసి ఇంకోటి పెడుతుంది. స్టైల్‌లో ఆల్ క్యాప్స్ (అన్నీ పెద్దబడి అక్షరాలు) ఉన్న ఇంగ్లీషు హెడ్డింగ్ టెంప్లేట్‌ని తీసుకుని ఫాంటు మాత్రం మార్చి వాడితే హెడ్డింగ్ అంతా అర్థంపర్థం లేని అక్షరాలే. ఇక హైఫనేషన్! భాష ఇంగ్లీష్ అని ఉన్న స్టైల్‌లో అది ఆన్ అయి ఉంటే, తెలుగు అక్షరం నడిమధ్యలో విరిచి లైను చివర గీత పెడుతుంది, ఆ గీత స్థానంలో ఆ ఫాంటులో ఏ ముక్క ఉందో అది ప్రింట్ అవుతుంది. కాబట్టి పాత ఫాంట్లకి టెంప్లేట్ చేసేటప్పుడు హైఫనేషన్, ఆల్ క్యాప్స్, వంపు కోట్స్, ఆటోమేటిక్ పెద్దబడి, అన్నీ ఆపేసి మొదలుపెట్టాలి. పాత మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చాక భాష తెలుగు అని పెట్టాలి, ఫాంటు పేరు స్టైల్‌లో మార్చాలి. క్యారెక్టర్ స్టైల్స్‌లో దాక్కున్న పాత ఫాంటుని కూడా వెతికి తీయాలి, ఎక్కువమంది మర్చిపోయేది అదే.

రచయితలకి కూడా ఒక మాట. మీరు పంపే వర్డ్ ఫైళ్లలో హెడ్డింగులు చేత్తో పెద్దవి చేసి, పేరాల మధ్య ఎంటర్లు కొట్టి, స్పేస్‌బార్‌తో జరిపి పంపుతున్నారు. ఆ ఫైలుని టెంప్లేట్‌లోకి తెచ్చినప్పుడు వర్డ్ స్టైల్స్ కూడా వెంట వచ్చేస్తాయి, ప్యానెల్‌లో వాటి పక్కన చిన్న ఫ్లాపీ బొమ్మ కనిపిస్తుంది. ప్లేస్ చేసేటప్పుడు, అంటే ఫైలుని పేజీలోకి తెచ్చేటప్పుడు, షో ఇంపోర్ట్ ఆప్షన్స్ టిక్కు పెట్టి, స్టైల్ మ్యాపింగ్‌లో ‘నార్మల్’ని మన బాడీ స్టైల్‌కి, ‘హెడ్డింగ్ 1’ని మన హెడ్డింగ్‌కి జతచేస్తే అతిథులెవరూ రారు. మీరు వర్డ్‌లో హెడ్డింగ్ స్టైల్స్ వాడి పంపితే మాకు ఒక పూట పని తగ్గుతుంది, మీ పుస్తకంలో తప్పులు కూడా తగ్గుతాయి.

ఇద్దరు ఆపరేటర్లు ఒకే పుస్తకం పంచుకుని చేసినప్పుడు వచ్చే తంటా కూడా చెప్పాలి. ఇద్దరి ఫైళ్లలోనూ ‘బాడీ’ అనే స్టైల్ ఉంటుంది, ఒకరిది 11 పాయింట్లు, ఇంకొకరిది 12. ఒకరి పేజీలోంచి కాపీ చేసి ఇంకొకరి ఫైల్లో పెడితే, పేరు ఒకటే కాబట్టి పెట్టిన ఫైల్లోని స్టైలే నెగ్గుతుంది, లైన్లు జరిగిపోతాయి, చివరి పేరా పేజీ దాటిపోతుంది. మొదలుపెట్టే ముందే ఇద్దరూ ఒకే టెంప్లేట్ తీసుకుంటే ఈ గొడవే రాదు.

లైన్ల మధ్య ఖాళీ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆటో లీడింగ్ అంటే ఇన్‌డిజైన్‌లో అక్షరం సైజుకి 120 శాతం, అది ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని పెట్టింది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 10 పాయింట్ల తెలుగుని 12 లీడింగ్‌తో పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడిలో గుచ్చుకుంటుంది. 15 కానీ 16 కానీ అంకె వేసి స్టైల్‌లో రాసేయండి. పేజీలు పెరుగుతాయని పబ్లిషర్లు ఒప్పుకోరు, కాగితం ధర నాకూ తెలుసు, కానీ చదవలేని పుస్తకం అచ్చేసి ఏం లాభం?

ఫ్లెక్సీలు చాలావరకు ఫొటోషాప్‌లో చేస్తారు, అక్కడా రోగం ఇదే. పాత వెర్షన్లలో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, ఇంటర్నెట్‌లో దొరికిన పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెంప్లేట్‌లో ఇంగ్లీషు లేయర్ మీదే తెలుగు పేస్ట్ చేస్తే లాభం లేదు. డబ్బు పెట్టి కొనలేనివాళ్లకి పేజీలు కట్టే స్క్రైబస్ ఉంది, ఉచితం. దాని 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు కుదిరేవి కావు, 2024లో వచ్చిన 1.6లో కుదురుతున్నాయి, స్టైల్స్ కూడా చక్కగా ఉన్నాయి. మరీ ఏం చేసినా దారికి రాని ఇన్‌డిజైన్ ఫైలుని ఐడీఎంఎల్ అనే ఇంకో రకం ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ తెరవండి, లోపల చెడిపోయినవి చాలాసార్లు అక్కడే రాలిపోతాయి.

ఐటీఐల్లో, ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లలో డీటీపీ నేర్పే మాస్టర్లని నేను అడిగేది ఒక్కటే. మొదటి వారం నుంచే పిల్లల చేత ప్రతి పేరా స్టైల్‌తో చేయించండి, బోల్డ్ బటన్ ఎక్కడుందో తర్వాత చూపించొచ్చు. విజిటింగ్ కార్డు, బ్రోచర్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే, వాళ్లు షాపులో చేరాక రాత్రిళ్లు కూర్చుని ఒక్కో అక్షరమే దిద్దుకుంటున్నారు, జీతం మాత్రం పెరగట్లేదు. ప్రభుత్వ శాఖలు కూడా ఆహ్వానపత్రికలకి, కరపత్రాలకి యూనికోడ్ తెలుగులో శుభ్రంగా చేసిన టెంప్లేట్లు ఒకసారి తయారుచేయించి జిల్లాలకి పంపొచ్చు, ప్రతి ఆఫీసూ ప్రతి సభకీ కొత్తగా మొదలుపెట్టాల్సిన పని ఉండదు. అలా పంపేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ ఫాంట్లు, కంపోజర్ ఏది అన్నది ఒక కాగితం మీద రాసి ఫైలుతో జతచేయమనండి.

ఇట్లు,
ఒక పేజ్ డిజైనర్,
విజయవాడ