నీ పత్తి చేలోది తుంగేనా?

ఏరా శీనూ,

పత్తిలో ఒక కలుపు ఎంత పీకినా వారం తిరక్కుండానే మళ్లీ మొలుస్తోందని రాశావు. ఫొటో చూస్తే తుంగలాగే ఉంది గానీ, ఫొటో చూసి మందు చెప్పడం నాకు నచ్చదు. చేలోకి దిగి నువ్వే చూడు.

పూత కాడని వేళ్ల మధ్య పెట్టి తిప్పు. మూడు పలకలు తగిలితే తుంగ జాతి. గడ్డి కాడకు కణుపులుంటాయి, దీనికి ఉండవు. కోస్తే లోపల బోలుగా కాక నిండుగా ఉంటుంది. ఇంకా పూత రాలేదా, పైనుంచి ఆకులు చూడు: గడ్డికి రెండు వరసలు, తుంగకు మూడు.

అక్కడితో ఆగకు, తుంగల్లో రకాలున్నాయి. పీకితే పైభాగం తెగి చేతికొస్తుంది, అసలుది లోపలే ఉంటుంది. పారతో జానెడు లోతున పెళ్లతో సహా లేపి నీళ్లలో మట్టి వదిలించు. నల్లటి తీగలాంటి వేరుకు దుంపలు ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉండి, చిదిమితే ఘాటుగా వాసనొస్తే తుంగముస్తల మొక్కే. దాని పూత ముదురు ఎరుపు గోధుమ రంగు. వేరు చివర ఒక్కో దుంపే ఉండి పూత పసుపు తిరిగితే వేరే రకం. దుంపల్లేకుండా పీచువేళ్లే ఉంటే అదృష్టవంతుడివి. అది విత్తనంతో వచ్చేది, పూతకు ముందే పీకేస్తే సరి.

ముస్తలైతే చిక్కే. గొలుసులో కొన దుంప మొలుస్తున్నంతకాలం వెనకవి చాలావరకు నిద్రపోతుంటాయి. రోటవేటర్ తిప్పావనుకో, గొలుసు తెగి ఆ ముక్కలన్నీ లేస్తాయి. తడి నేలలో ఆ పని అస్సలు చేయకు. పంట తీశాక మండుటెండల్లో లోతుగా దున్ని దుంపల్ని పైకి తెస్తే ఎండి చస్తాయి, మధ్యలో వాన పడకపోతే.

క్విజాలోఫాప్ లాంటి గడ్డిమందు కొట్టి డబ్బు తగలేయకు. అది గడ్డి జాతికే, తుంగకు చీమ కుట్టినట్టయినా ఉండదు. చెరకులో, మొక్కజొన్నలో వాడే హలోసల్ఫ్యూరాన్ అనే కలుపుమందు తుంగమీద పనిచేస్తుంది గానీ పత్తి ఆకుల మీద పడితే పత్తే దెబ్బతింటుంది. తుంగ మొలిచిన మూడు నాలుగు వారాలకే కొత్త దుంపలు కడుతుంది కాబట్టి రెండు వారాలకోసారి మొదలంటా చెక్కించు. పత్తి సాళ్లు కమ్ముకున్నాక నీడకు అదే నీరసపడుతుంది.

పెళ్ల లేపి చూశాక దుంపలు గొలుసుగా ఉన్నాయో, విడిగా ఉన్నాయో రాయి.

నీ,
రమణ