మార్షల్ ప్రణాళిక కంటే ముందు నడిచిన ట్రక్కులు

సంపాదకుల వారికి నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపా కోలుకున్న తీరుపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఘనతంతా 1948లో మొదలైన అమెరికా ఆర్థిక సాయ పథకం మార్షల్ ప్రణాళికకే కట్టబెట్టింది. రైలు వంతెనలు కూలిపోయి, నడిచే లారీలు కరువైన 1945 నుంచి ఆ సాయం అందేదాకా తిండిగింజలనూ బొగ్గునూ ఊళ్లకు చేరవేయడంలో సైన్యాలు వదిలేసిన ట్రక్కులు పోషించిన పాత్రకు అందులో ఒక్క వాక్యమైనా దక్కలేదు.

మిత్రసేనల మిగులు సామగ్రిని అమ్మడానికి ఇటలీ 1945లో 'ఆరార్' అనే సంస్థను నెలకొల్పి, ముస్సోలినీ హయాంలో ఏళ్ల తరబడి నిర్బంధంలో మగ్గిన ఎర్నెస్టో రోస్సీని దానికి అధ్యక్షుణ్ని చేసింది. పోలండ్, యుగోస్లావియాలకు 'అన్రా' అనే అంతర్జాతీయ సహాయ సంస్థ ట్రక్కులు పంపింది. అయితే అసలు కష్టం ఈ పాత ట్రక్కులను బాగుచేసే వర్క్‌షాపుల్లోనే మొదలైందని నా అభిప్రాయం.

అమెరికా 5 లక్షలకు పైగా తయారుచేసిన రెండున్నర టన్నుల జీఎంసీ ట్రక్కునే తీసుకుందాం. ఒకే నమూనా అన్ని లక్షలు ఉన్నప్పుడు, పాడైన రెండు బళ్లను ఊడదీసి ఒక మంచి బండిని బిగించడం సులువేననిపిస్తుంది. కానీ ఆ ట్రక్కుకు రెండు రకాల ఇరుసులు వచ్చేవి; ఒకదాని భాగాలు మరొకదానికి పట్టవు కాబట్టి, ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా ఉండే గేరు పెట్టె ఆకారం చూసి జత కుదుర్చుకున్నాకే పని మొదలుపెట్టాలి. పైగా బోల్టులన్నీ అంగుళాల కొలతల్లో ఉంటే, ఐరోపా మెకానిక్కుల చేతిలో ఉన్నవి మెట్రిక్ స్పానర్లు. పెట్రోలు రేషన్‌లో దొరికే రోజుల్లో 4.4 లీటర్ల పెట్రోలు ఇంజినును మేపడం ఎవరి తరం? అందుకే కొందరు దాన్ని తీసేసి డీజిల్ ఇంజిను పెట్టారు. గుడ్డ కప్పిన క్యాబిన్ల చోట చెక్క క్యాబిన్లు కట్టినవారూ ఉన్నారు. మాల్టాలోనైతే సైనిక ట్రక్కుల చాసిస్‌ల మీద ఏకంగా బస్సులే కట్టారు. సైనిక జీపుల నుంచి పుట్టిన ఫిలిప్పీన్స్ ప్రయాణికుల బండి జీప్నీ రంగుల పుణ్యమా అని అందరికీ గుర్తుండిపోయింది గాని, ఈ ట్రక్కులకు ఆ భాగ్యం కలగలేదు.

ఇలాంటి పనిలో మరమ్మతు నాణ్యత ఎంత ముఖ్యమో మొదటి ప్రపంచ యుద్ధానంతరమే బ్రిటన్‌కు చెందిన లారీల తయారీ సంస్థ లేలండ్ గ్రహించింది. నాసిరకంగా బాగుచేసిన బళ్ల వల్ల తన పేరు చెడుతుందన్న భయంతో, బ్రిటిష్ వాయుసేన వాడి వదిలేసిన తన లారీలను తానే తిరిగి కొని, లండన్ దగ్గరి కింగ్‌స్టన్‌లో పూర్తిగా విప్పి, బాగుచేసి అమ్మింది.

ప్రణాళికల మీద, నిధుల మీద వ్యాసాలకు కొదవ లేదు. ఈ వర్క్‌షాపుల పనితీరుపై కూడా ఒక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు