కీచురాళ్లు కావు, సికాడాలు

సంపాదకులకు నమస్కారం.

జపాన్, కొరియా ప్రేమకథలకు తెలుగు సబ్‌టైటిళ్లు రావడం సంతోషమే. అయితే మాటలు తెలుగవుతున్నాయి గానీ, అక్కడి వేసవి కావడం లేదు.

సబ్‌టైటిళ్లలో కనిపించే ‘కీచురాళ్ల రొద’ అన్నదే తీసుకోండి. కీచురాయి రాత్రి పురుగు, జపాన్‌లో శరత్తుకు గుర్తు. వాళ్ల వేసవిలో చెట్లెక్కి అరిచేది సికాడా అనే రెక్కల పురుగు, అదీ పట్టపగలు. పైగా ఏ రకం అరుస్తోందో తెలిస్తే వేళ తెలిసిపోతుంది. ‘మీన్ మీన్’ అని సాగదీసేది పగటిది. ‘కనకన’మని సన్నగా మోగే హిగురాషి తెల్లవారుజామున, పొద్దువాలేటప్పుడు వినిపిస్తుంది. త్సుకుత్సుకుబోషి అనే రకం గట్టిగా అందుకుందంటే ఆగస్టు ముగింపుకొచ్చినట్టే. బస్టాపులో ఇద్దరూ మాటల్లేకుండా కూర్చున్న సీన్లో, సెలవులు అయిపోవస్తున్నాయని చెప్పేది ఆ అరుపొక్కటే.

ఆ సెలవులు కూడా చాలా బళ్లలో జూలై 20 ప్రాంతం నుంచి ఆగస్టు 31 దాకా. కొత్త తరగతి ఏప్రిల్లోనే మొదలైపోతుంది కాబట్టి, సెలవుల్లో మనసు విప్పినవాళ్లు సెప్టెంబరులో అదే గదిలో, అదే బెంచీల్లో ఎదురుపడాలి. ఆ బెరుకు మనవాళ్లకు అందక ‘కథ సాగదీశారు’ అంటారు.

ఇక సెన్కో హనాబి, అంటే జపాన్‌వాళ్లు వేసవి రాత్రుల్లో చేత్తో పట్టుకుని కాల్చే చిన్న బాణసంచా. దాన్ని ‘కాకరపువ్వొత్తి’ అని రాస్తే గిరగిరా తిప్పే తీగ గుర్తొస్తుంది. ఇది పురిపెట్టిన పల్చటి కాగితం, కొసన గ్రాములో పదో వంతు మందు. (పశ్చిమ జపాన్‌లో గడ్డిపుల్ల రకమూ ఉంది, దాన్ని పైకి పట్టుకుంటారు.) కాగితాన్ని వేళ్లతో కిందికి వేలాడదీసి వెలిగిస్తే, మందు కరిగి ఎర్రటి బొట్టవుతుంది. కాసేపటికి పైన్ ఆకుల్లా రవ్వలు చిమ్మి, చివర ఒక్కొక్కటిగా రాలుస్తుంది. చెయ్యి వణికినా, గాలి వీచినా బొట్టు మధ్యలోనే తెగిపడుతుంది. అందుకే ఇద్దరూ గాలికి అడ్డంగా దగ్గరికి జరిగి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆ దగ్గరతనం సగం ఆ కాగితం చలవే.

కొరియా కథల్లో ఇబ్బంది వానతో. చాంగ్మా అంటే జూన్ చివర పట్టుకుని దాదాపు జూలై చివరిదాకా వదలని వానలు. సొనాగి ఉన్నట్టుండి కురిసి, కాసేపట్లో వెలిసిపోయే జల్లు. ఇద్దరినీ ఒకే చూరు కిందికి తరిమేది ఈ రెండోదే. కొరియా రచయిత హ్వాంగ్ సున్‌వన్ ‘సొనాగి’ కథను అక్కడివాళ్లు బడిలో పాఠంగా చదువుకున్నారు. అందులో వానకు జొన్నచొప్ప మోపుల్లో తలదాచుకున్న పిల్ల తర్వాత చనిపోతుంది (ఆ కథ నిజానికి తొలి శరత్తులో జరుగుతుంది, అది వేరే సంగతి). కాబట్టి తెర మీద అలాంటి జల్లు పడగానే కొరియావాళ్లకు ఎక్కడో గుబులు మొదలవుతుంది. రెండింటికీ ‘వర్షం’ అని రాసేస్తే ఆ గుబులెక్కడిది? జల్లుకు ‘జల్లు’ ఉంది, చాంగ్మాకు మన ‘ముసురు’ ఉంది. ‘భారీ వర్షాలు’ కన్నా తెర మీద చోటూ తక్కువే పడుతుంది.

– ఒక పాఠకుడు