మీ కరెంటు సెన్సింగ్ బోర్డుల గురించి, అంతకు మించి మీ నిర్లక్ష్యం గురించి ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,

నమస్కారములు. స్వయం ఉపాధిగా రైతులకు సోలార్ పంపు కంట్రోలర్లు బిగించి, బాగుచేసి బతుకుతున్న నేను, ఆరేళ్లుగా మోటారు తీసుకునే కరెంటును కొలిచే ఈ బోర్డులను మీ వద్దనే కొంటున్నాను. ఈసారి తెప్పించిన ఇరవై బోర్డులూ, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 10 ఆంపియర్లు ఉన్నప్పుడు 11.5 చూపిస్తున్నాయి.

లోపం ఎక్కడుందో కూడా నేనే కనిపెట్టి మీకు రాశాను. 1 మిల్లీఓమ్ షంట్ (కరెంటు కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న నిరోధకం) మీద 10 ఆంపియర్లకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. ఆ చిన్న వోల్టేజీని పెంచే ఆంప్లిఫయరుకు వెళ్లే రెండు సన్న గీతలను, షంట్‌ను టంకం వేసే ప్యాడ్ల లోపలి అంచుల నుంచి తీయవలసింది పోయి, మోటారు కరెంటు పారే పవర్ ట్రాక్ మీద కొంత దూరం నుంచి తీశారు. అందువల్ల మధ్యనున్న టంకం, రాగి నిరోధం కూడా కొలతలో కలుస్తోంది. పైగా రాగి వేడెక్కేకొద్దీ ఆ తేడా పెరుగుతోంది. బోరులో నీళ్లు అడుగంటితే కరెంటు తగ్గడం చూసి మోటారును ఆపవలసిన బోర్డు, ఎక్కువ చూపిస్తూ కూర్చుంటే మోటారు కాలిపోతుంది.

ఇంత వివరంగా చెప్పినా నాకు దక్కింది ఏమిటి? మొదటి రోజు ఫోన్ ఎత్తినతను, నేను షంట్ గురించి చెబుతూ ఉండగానే, ఒకసారి ఆపి ఆన్ చేయమని చెప్పి పెట్టేశాడు. టెక్నికల్ విభాగం వారు మాట్లాడతారన్నారు. వారం ఎదురుచూసినా ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ చేస్తే, నా పేరున ఫిర్యాదే నమోదు కాలేదని మరొక ఆమె చెప్పి, మొదటి నుంచి అంతా చెప్పించుకుని, ఫోటోలు పంపమన్నది. తప్పున్న చోట ఎర్ర గీత చుట్టి నాలుగు ఫోటోలు పంపాను. రెండు రోజులకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారని అడిగితే, నా మీటరే తప్పేమో అన్నారు. రెండో మీటరుతో కొలిచి చూపితే, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు.

మీ బోర్డు బాగుంటుందని నేను హామీ ఇస్తే, నన్ను నమ్మి కొన్న రైతులున్నారు. రేపు వారికి నేను ఏ ముఖంతో జవాబు చెప్పాలి? సర్క్యూట్ తెలిసిన ఇంజనీరు ఒకరు నాతో పది నిమిషాలు మాట్లాడి, ఈ ఇరవై బోర్డులకు బదులు సరైనవి పంపాలి, లేదా డబ్బు వాపసు చేయాలి. పదిహేను రోజుల్లో ఏదీ జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లులు, ఫోటోలు, మీ సందేశాలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ ఆరేళ్ల ఖాతాదారు