అన్నమయ్య వ్యాసం గురించి అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి పాపకు నాన్న ఆశీస్సులు.

అన్నమయ్య మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మీ అమ్మ అయితే రెండుసార్లు చదివింది. బాగుంది. కానీ 1408లో పుట్టాడనీ, 32 వేల కీర్తనలు రాశాడనీ, ఇప్పుడు మనం వింటున్న వరుసల్లోనే పాడాడనీ, ‘అందరికీ తెలిసిందే’ అంటూ మూడింటినీ ఒకే గాటన కట్టేశావు. ప్లీడరు గుమాస్తా కూతురివి, ఆ మాట రాయొచ్చునా?

పుట్టిన ఏడాదే తీసుకో. తిరుమల గుడిలో దొరికిన రాగిరేకులో, అన్నమయ్యకు పదహారేళ్ల వయసులో, శక 1346 క్రోధి సంవత్సరంలో స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటినుంచి అన్నమయ్య కీర్తనలు చెప్పాడనీ ఉంది. శకానికి 78 కలిపితే 1424. అందులోంచి 16 తీసేస్తే 1408. అంటే పుట్టిన ఏడు మనం లెక్కగట్టింది. ఆ లెక్క వ్యాసంలో చూపించాలి. వాళ్ల ఇంటివాళ్లు చెక్కించిన రేకే గదా, ఎలా నమ్మేది అని ఎవరైనా అడగొచ్చు. అడగనీ. పంచాంగం తీసి చూపించు. 2024 ఉగాదికి వచ్చింది క్రోధి. 60 ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి, 600 ఏళ్లు వెనక్కి పోతే 1424లోనూ క్రోధే. శకమూ, సంవత్సరం పేరూ సరిపోయాయి. దీంతో స్వామి కనిపించాడని రుజువైపోదులే, తేదీ వేసినవాడు నోటికొచ్చింది వేయలేదని మాత్రం తేలుతుంది.

32 వేలు అన్నది మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పిన మాట. దొరికిన రేకుల్లో అందులో సగం కూడా లేవు. ఇంటి మనిషి సాక్ష్యమని కోర్టు తోసిపుచ్చదు, ఇంకాస్త గుచ్చి గుచ్చి చూస్తుంది. నువ్వూ ‘రాశాడు’ అనకుండా ‘రాశాడని మనవడు చెప్పాడు’ అని మార్చు.

వరుసల మాట కొట్టేయ్. రేకుల్లో రాగం పేరుంది గానీ ఎలా పాడాలో స్వరం లేదు. ‘నానాటి బతుకు’ను రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారూ ఎన్నింటికో వరుసలు కట్టారు.

‘తప్పన్నవాళ్లనే నిరూపించమను’ అని అమ్మతో ఫోన్లో అన్నావట. చెల్లదు పాపా. ఉందన్నవాళ్లే రుజువు చూపాలి. 1872 నాటి సాక్ష్యాల చట్టంలో అది 101వ సెక్షను. 2024 జూలై నుంచి కొత్త చట్టం వచ్చింది, నంబరు 104 అయింది, సంగతి అదే. మా ఆఫీసులో పార్టీలు కూడా నీలాగే మాట్లాడతారు, దావా వేసి దస్తావేజు ఎదుటివాడి దగ్గర ఉందంటారు!

తాళ్లపాక వాళ్ల కీర్తనలు టీటీడీ సంపుటాలుగా అచ్చు వేసింది. సెలవులకు వచ్చినప్పుడు యూనివర్సిటీ లైబ్రరీకి పోదాం, ఏ సంపుటం, ఏ పేజీ అని రాసుకుందువుగాని. వ్యాసం ఎప్పటిలోగా ఇవ్వాలో ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న