మూడు రౌండ్లకే తీర్పు చెప్పేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

జిల్లా, రాష్ట్ర స్థాయి బాక్సింగ్ పోటీలు జరిగినప్పుడు మన తెలుగు పేపర్లన్నీ పతకాలు వచ్చిన పిల్లల ఫొటోలు వేస్తాయి, సంతోషమే. ఓడినవాళ్ల గురించి మాత్రం ‘తొలి బౌట్‌లోనే ఇంటిముఖం’ అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. ఆ ముక్క ఎవరింట్లో ఎలా తగులుతుందో చెప్దామనే ఈ ఉత్తరం. మా అక్క కొడుక్కి పద్దెనిమిదేళ్లు. మొన్న పోటీల నుంచి వచ్చి, చేతులకు చుట్టుకునే పట్టీలు ఉతికి దండెం మీద ఆరేశాడు. ఆరాక వాటిని చుట్ట చుట్టి గ్లౌజులతో పాటు బూట్ల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను అటకెక్కించాడు. అదేంట్రా, మానేస్తావా అంటే, ‘పేపర్లో చూశావుగా మావయ్యా’ అన్నాడు.

ఆ రాత్రి వాడికి రాకీ మార్సియానో సంగతి చెప్పాను. ప్రొఫెషనల్‌గా ఆడిన 49 పోటీల్లో 49 గెలిచి, అందులో 43 నాకౌట్లు చేసి, హెవీవెయిట్ చాంపియన్‌గానే 1956లో రిటైరైన మనిషి. ఇది చాలామందికి తెలుసు. దానికి ముందు కథే ఎవరూ చెప్పుకోరు. అమెరికాలో బ్రాక్టన్ అనే చెప్పుల ఫ్యాక్టరీల ఊరు వాళ్లది, తండ్రి పని చేసింది కూడా అలాంటి ఫ్యాక్టరీలోనే. సైన్యంలో ఉండగా, 1946లో, సొంత ఊళ్లో ఒక అమెచ్యూర్ పోటీకి, అంటే ప్రొఫెషనల్స్‌లా డబ్బు కోసం కాకుండా ఆడే పోటీకి, దిగాడు. ఒంట్లో దమ్ము లేదు, కాసేపటికే ఆయాసం వచ్చేసింది, చేతులు లేవక మోకాలితో ఎదుటివాణ్ణి పొడిచాడు, రిఫరీ అనర్హుడని ప్రకటించాడు. సొంత ఊరి జనం ముందు! ఆ తర్వాత బేస్‌బాల్‌లో ప్రయత్నించాడు, విసురు బాగాలేదని అక్కడా పంపేశారు. మొత్తం మీద అమెచ్యూర్ రికార్డు 8 గెలుపులు, 4 ఓటములు. మన లెక్కలో అయితే ఇదొక రికార్డే కాదు, స్పోర్ట్స్ కోటాలో సీటు కూడా రాదు.

1948 మార్చిలో న్యూయార్క్‌లో గోల్డెన్ గ్లవ్స్ అనే అమెచ్యూర్ పోటీలో కోలీ వాలెస్ అనే అతను మార్సియానోను పాయింట్ల మీద ఓడించాడు. ఈ వాలెస్ చూడ్డానికి అచ్చు పాత హెవీవెయిట్ చాంపియన్ జో లూయీలా ఉండేవాడు, తర్వాత జో లూయీ జీవితం మీద తీసిన సినిమాలో ఆ వేషం వేసింది అతనే. మార్సియానో ఏమో 1951లో అసలు జో లూయీనే ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. సరే, పిట్టకథ వదిలేద్దాం.

నేను చెప్పదలుచుకున్నది 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో జరిగిన పోటీ గురించి. ఎదురుగా చాంపియన్ జెర్సీ జో వాల్కాట్. మొదటి రౌండ్‌లోనే లెఫ్ట్ హుక్ (ఎడమచేత్తో పక్కనుంచి కొట్టే దెబ్బ) తగిలి మార్సియానో కిందపడ్డాడు, ప్రొఫెషనల్ అయ్యాక పడడం అదే మొదటిసారి. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురి స్కోరు కార్డుల్లోనూ వెనకే ఉన్నాడు. పదమూడో రౌండ్‌లో వాల్కాట్ తాళ్ల దగ్గరికి జరిగాడు, ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి విసరబోయారు, మార్సియానోది ముందు తగిలింది. దూరం నుంచి వచ్చిన దెబ్బ కాదు, జానెడు దూరం నుంచి వచ్చింది. వాల్కాట్ మోకాళ్ల మీద కూలబడ్డాడు, ఎడమచెయ్యి ఇంకా తాడుకు తగులుకునే ఉంది, తర్వాత అదీ జారింది. ఇదే పోటీ అమెచ్యూర్ బౌట్‌లా మూడు రౌండ్లదైతే ఎవరు గెలిచేవారు? బహుశా వాల్కాటే. మార్సియానోకు ఇంకో ఓటమి పడేది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అమెచ్యూర్, ప్రొఫెషనల్ రెండింటినీ బాక్సింగ్ అనే అంటాం గానీ, నూరు మీటర్ల పరుగు, పది కిలోమీటర్ల పరుగు ఒకటే అన్నట్టుంటుంది. మూడు రౌండ్లలో చేతివేగం ఉన్నవాడు టకటకా పంచ్‌లు వేసి పక్కకు తప్పుకుంటే చాలు. నెమ్మదిగా వేడెక్కేవాడు, దెబ్బలు తిని నిలబడేవాడు, పొట్ట మీద కొట్టి కొట్టి ఎనిమిదో రౌండ్‌కు ఫలితం రాబట్టేవాడు, వీళ్ల పని మొదలయ్యేలోపే గంట కొట్టేస్తారు. ఒకప్పుడైతే మరీ అన్యాయం. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు తగిలించి 32 మాత్రమే తిన్నా, జడ్జిలు 3-2తో కొరియా బాక్సర్‌నే గెలిపించారు. ఆ గొడవ తర్వాత 1992 నుంచి ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు: అయిదుగురు జడ్జిల్లో ముగ్గురు ఒక్క సెకను లోపల బటన్ నొక్కితేనే పాయింటు. ఎదుటివాడు కుప్పకూలినా ఒక పాయింటే, ముక్కు మీద తట్టినా ఒక పాయింటే. కొన్ని మార్పులతో 2012 లండన్ దాకా ఒలింపిక్స్‌లో ఈ పంచ్‌ల లెక్కే నడిచింది. బలంగా కొట్టేవాడికి అందులో ఏం మిగులుతుంది చెప్పండి.

బెర్నార్డ్ హాప్కిన్స్ అని ఇంకొకాయన. పదిహేడేళ్లకే జైలుకెళ్లి దాదాపు అయిదేళ్లు ఉండొచ్చాడు. జైల్లోనే బాక్సింగ్‌ను పట్టుకున్నాడు, వెనక ఒలింపిక్ పతకమూ లేదు, పేరూ లేదు. 1988 అక్టోబర్‌లో మొదటి ప్రొఫెషనల్ పోటీ, అదీ ఓడాడు. పదహారు నెలలు రింగ్ ఎక్కలేదు. మళ్లీ వచ్చాక మిడిల్‌వెయిట్ టైటిల్‌ను వరసగా 20 సార్లు కాపాడుకున్నాడు, 2011లో 46 ఏళ్ల వయసులో మాంట్రియల్‌లో జాన్ పాస్కల్‌ను ఓడించి, అతి పెద్ద వయసులో ప్రపంచ చాంపియన్ అయినవాడిగా అప్పటిదాకా జార్జ్ ఫోర్‌మన్ పేరు మీద ఉన్న రికార్డు చెరిపేశాడు. టైసన్‌ను ఈ లిస్టులో వేయను, చిన్నప్పుడే జూనియర్ పతకాలు కొట్టినవాడు. అయినా 1984లో ఒలింపిక్ టీమ్‌లోకి రానివ్వకుండా హెన్రీ టిల్మన్ రెండుసార్లు ఓడించాడు, స్వర్ణం కూడా టిల్మన్‌కే వచ్చింది. 1990లో ప్రొఫెషనల్స్‌గా ఎదురుపడితే మొదటి రౌండ్‌లోనే టిల్మన్ పని అయిపోయింది. ఇటు చూస్తే సిడ్నీ స్వర్ణ విజేత ఆడ్లీ హారిసన్, ప్రొఫెషనల్‌గా ఎంత గోలతో వచ్చాడో అంత చప్పగా తేలిపోయాడు.

ఓడినవాళ్లంతా మార్సియానోలవుతారని నేననడం లేదు. అలీ, షుగర్ రే లెనార్డ్ ఒలింపిక్ స్వర్ణాలతోనే వచ్చారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023ల్లో వరసగా ప్రపంచ చాంపియన్ అయింది, ఆ దారి గొప్పదే. కానీ మన దగ్గర ఉన్నది ఆ ఒక్క దారే. పతకం వస్తే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టుతో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. రాకపోతే ఇంట్లోవాళ్లు డిగ్రీ చూసుకో అంటారు, వాళ్లదీ తప్పు కాదు, నేనూ అదే అన్నాను ఒకసారి. విజేందర్ సింగ్ బీజింగ్‌లో కాంస్యం గెలిచిన పేరుతో 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు, ఆ పేరు లేని కుర్రాడు ఏ తలుపు తట్టాలో చెప్పేవాళ్లు కూడా లేరు. అందుకే మనవాళ్లు పందొమ్మిదికో ఇరవైకో ఆపేస్తారు. మార్సియానో పూర్తిగా ప్రొఫెషనల్ పోటీల్లోకి దిగేనాటికి ఇరవై అయిదుకు దగ్గర పడుతున్నాడు.

మీరేదో పెద్ద వ్యాసాలు వేయాలని కోరడం లేదు. మావాడి బౌట్‌లో అయిదుగురు జడ్జిల్లో ఇద్దరు వాడికే ఇచ్చారు. ఇది నేను వాళ్ల కోచ్‌ని అడిగితే తెలిసింది, పేపర్ చూశాక ఆ సంగతి వాడే మర్చిపోయాడు. వచ్చేసారి ఓడినవాళ్ల పేరు పక్కన స్కోరు కూడా వేయండి. చోటు చాలదంటారేమో, ‘2-3’ అని వేయడానికి ఎంత చోటు కావాలి?

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం