ఫారంలో లేని గడి: ఒడిశా సంస్కృతి శాఖ మంత్రిగారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారాలు.

పర్లాకిమిడిలో నాకు చిన్న జెరాక్సు కొట్టు ఉంది. పింఛను ఫారాలు, కుల ధ్రువపత్రాలు, ఆధార్ మార్పులు, ఊళ్ళో సగం మంది కాగితాలు నా చేతిమీదుగానే వెళ్తాయి. ఒడియా ఫారాలు నింపడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. అయినా ఒక్క ఫారం మాత్రం మూడేళ్ళుగా నా కొట్లోంచి వెళ్తుంది, మళ్ళీ నా కొట్లోకే వస్తుంది. దాని సంగతే ఈ లేఖ. ఒడియాలో ఒక ప్రతి మీకు పోస్టులో వేశాను. మావాళ్ళు కూడా చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

ఆ ఫారం ఒక రంగస్థల నటిది. కళాకారుల సహాయ భృతి కోసం పెట్టుకున్నది. పేరు ఇక్కడ రాయను. పేరు పడితే చూసినవాళ్ళు జాలిపడతారు, జాలి అంటే ఆవిడకి ఒళ్ళు మంట. మా నాన్న ఆవిడకి ముప్పయ్యేళ్ళు హార్మోనియం వాయించాడు. నేను అప్పా (అంటే అక్కా) అని పిలుస్తాను, ఇక్కడా అలాగే అంటాను.

1960ల్లో మా వైపు నాటకం అంటే పద్యనాటకమే. అంతకు ముందు తరంలో ఆడవేషాలు మగవాళ్ళు కట్టేవారు. ఆ విద్యలో స్థానం నరసింహారావుగారి పేరు తెలియని తెలుగువాడు లేడు. అప్ప ముఖానికి తొలిసారి అర్దళం పూసుకునేనాటికి ఆడవేషాలకి ఆడవాళ్ళే రావడం మొదలైంది. ఆవిడకి పదహారేళ్ళు. సత్యభామ, చంద్రమతి, చింతామణి అన్నీ కట్టింది. ఒక్కోసారి కృష్ణుడు తాగి పడిపోతే కృష్ణుడూ ఆవిడే. చింతామణి వేషానికి పద్యం, పాట, ఆట మూడూ రావాలి. ఒకటి వచ్చినవాళ్ళు వీధికొకరు దొరుకుతారు, మూడూ వచ్చినవాళ్ళు అప్పట్లో జిల్లాకి ఇద్దరో ముగ్గురో. రాత్రి పదింటికి తెర లేస్తే కోడి కూసేదాకా ఆట. ఐదున్నర శ్రుతిలో పద్యం ఎత్తుకుని చివర రాగం లాగితే జనంలోంచి "వన్స్ మోర్" అని కేకలు. మళ్ళీ పాడాల్సిందే. హరిశ్చంద్రుడు కాటికాపరి వేషంలో చేతులు కట్టుకుని పక్కన నిలబడాల్సిందే. మధ్యలో ఎవరో లేచి రూపాయి నోటు చదివిస్తారు, నాటకం ఆపి ఆ దాత పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరి పేరు చెప్పాలి. చంద్రమతి కొడుకు శవం ఒళ్ళో పెట్టుకుని ఆ చదివింపులు పూర్తయ్యేదాకా ఏడుపు ఆపుకుని కూర్చునేదట. ఈ మాట చెప్పి అప్ప ఇప్పటికీ నవ్వుతుంది.

ప్రయాణాలన్నీ చిన్న రైల్లో. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన సన్నలైను అది, 1931 నాటికి గుణుపురం చేరింది. టెక్కలి, పాతపట్నం, కాశీనగరం, ఏ ఊరి అమ్మవారి పండగైనా ఆ రైలెక్కితే చేరేవాళ్ళు. ఒక బల్ల మీద హార్మోనియం, ఇంకో బల్ల మీద తెరలు, కిటికీ దగ్గర అప్ప. ఆవిడ ఎక్కలేదని గార్డు పచ్చజెండా ఊపకుండా నిలబడేవాడని మా నాన్న చెప్పేవాడు. ఇందులో సగం తీసెయ్యండి. మా నాన్న హార్మోనిస్టు, ఏదైనా ఒక ఆవృతం ఎక్కువే వాయిస్తాడు.

ఒక్క సంగతి మాత్రం కళ్ళారా చూశాను. అప్ప దగ్గర ఒక తగరప్పెట్టె ఉంది. పైన పూసలు ఊడిన కిరీటం, కింద సవరం, ఆ కింద నాటకం నోటీసులు. గులాబీరంగు కాయితం మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ నోటీసు మీద అర్జునుడి పేరు చీమంత, కృష్ణుడి పేరు వేలంత, అప్ప పేరు అరచేతంత. పక్కన గుండ్రంగా ఫోటో. చీపురుపుల్లతో దుమ్ము తుడిచి, "ఏటి చూస్తన్నావు, మీ నాన్న పేరు కిందనుంది చూడు" అంది. ఉంది. ప్రెస్సు పేరుకి పైన, సైకిలు స్టాండు ఏర్పాటుకి కింద.

ఎలా పడిపోయిందని అడుగుతారు. ఒక్కసారిగా పడలేదు. మొదట సినిమా హాళ్ళు వచ్చాయి. దాన్ని తట్టుకున్నారు. సినిమా పాటలే నాటకంలో దూర్చి నెట్టుకొచ్చారు. తర్వాత పండగ కమిటీలు రికార్డు డాన్సులకి మరిగాయి. పాత కాంట్రాక్టరే వచ్చి అప్పని కూడా అందులోకి రమ్మన్నాడు. "నేను పాడకుండా, రికార్డు పాడుతుంటే నేను ఎగరాలా?" అని తగరప్పెట్టె మూసేసింది. డబ్బు అక్కడుంది, ఆవిడ వెళ్ళలేదు. 1987లో టీవీలో రామాయణం, మరుసటి ఏడు మహాభారతం వచ్చాయి. ఆదివారం పొద్దున్నే ఇంట్లో మంచం మీద కూర్చుంటే కృష్ణుడు ఉత్తినే కనిపిస్తుంటే, రాత్రంతా గోనెపట్టా మీద కూర్చుని పద్యం వినేదెవరు? 2004లో గేజి మార్పిడికని చిన్న రైలు ఆపేశారు. ఇప్పుడు పెద్ద లైను ఉంది, దాంట్లో హార్మోనియం పెట్టె నేనైతే చూడలేదు. 2022 జనవరిలో ఆంధ్ర ప్రభుత్వం చింతామణి నాటకాన్నే నిషేధించింది. ఆ నాటకంలో ఒక కులాన్ని వెక్కిరించారన్న బాధ నిజమే, నేను కాదనను. కానీ ఆ వార్త చదివి వినిపించినప్పుడు అప్ప మొహం చూశాను. అప్పటికే ఆట మానేసి పాతికేళ్ళు. అయినా ఆ రోజు అన్నం తినలేదు.

ఆవిడ తప్పులూ ఉన్నాయి, దాచను. చేతినిండా వచ్చినప్పుడు నిలబెట్టుకోలేదు. ఎవరి పెళ్ళికైనా గొలుసు తీసి ఇచ్చేసేది. నమ్మినవాడు తాకట్టు పెట్టిన ఇల్లు విడిపించుకోలేదు. సావిత్రిగారి బతుకు చివరికి ఎలా అయిందో మనకందరికీ తెలుసు, సినిమా కూడా వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాం. నాటకం ఆడినవాళ్ళ మీద ఎవడు తీస్తాడు సినిమా?

ఇక ఫారం. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు కళారూపం పేరు దగ్గర ఆ గుమాస్తాగారికి గడి దొరకలేదు. జాత్రా ఉంది, పాలా ఉంది, దాసకాఠియా ఉంది, అన్నీ ఒడియా కళలు. తెలుగు పద్యనాటకం లేదు. "అన్యాన్య" (ఇతరాలు) అన్న గడిలో టిక్కు పెట్టాం. అన్యాన్య అంటే ఏమిటో రాయమన్నారు, రాశాం. రెండోసారి నోటీసులకి ఒడియా అనువాదం, దానికి నోటరీ సంతకం అడిగారు. అనువాదం నేనే చేశాను. అరచేతంత పేరు ఎ4 కాయితం మీద టైపులో పన్నెండు పాయింట్లు అయింది. మూడోసారి మనిషినే తీసుకురమ్మన్నారు. ఎనభై దాటినావిడ, మెట్లెక్కి, బల్ల ముందు నిలబడి ఊపిరి తీసుకుని ఒక పద్యం ఎత్తుకుంది. గొంతు వణికింది, రాగం వణకలేదు. బల్ల అవతల ముగ్గురున్నారు. ఒక్కరికీ తెలుగు రాదు. "ఇది ఆంధ్రా వాళ్ళది కదా" అన్నారు, మర్యాదగానే అన్నారు.

సరే అని మహేంద్రతనయ నది దాటి అటు ఆంధ్రా వైపు ఒక ఆఫీసుకి వెళ్ళాం. ఆధార్ చూసి "మీది ఒడిశా కదమ్మా" అన్నారు. అదీ మర్యాదగానే.

మంత్రిగారూ, మేం ఎక్కడినుంచో వచ్చినవాళ్ళం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశాని వేరే రాష్ట్రం చేసి గీత గీశారు, మేం గీతకి ఇటు ఉన్నాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు ఆ విభజన నచ్చక ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. ఒడియా చదివాం, ఒడియాలో ఓటేశాం, రథయాత్రకి తాడు లాగాం. అప్ప బరంపురం ఠాకురాణీ యాత్రలో ఆడింది, రాయగడ మజ్జిగౌరమ్మ పండగలో ఆడింది. చూసిన జనంలో ఒడియావాళ్ళెందరో, తెలుగువాళ్ళెందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

గంజాం ప్రహ్లాద నాటకాన్ని మీరు గౌరవంగా చూసుకుంటారు, మాకూ సంతోషమే. మెట్లమెట్లుగా కట్టిన చెక్క వేదిక మీద హిరణ్యకశిపుడు దిగుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ నాటకం జలంతర రాజుగారి పేరు మీద నడుస్తోంది. ఆ జలంతర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. రాగాలు కర్ణాటక బాణీ, మధ్యలో తెలుగు మాటలు. గీతకి అటు పుట్టింది ఒడిశా కళ అయినప్పుడు, గీతకి ఇటు అరవయ్యేళ్ళు బతికిన పద్యనాటకం ఒడిశా కళ ఎందుకు కాదు?

నేను అడిగేది పెద్ద పని కాదు. ఫారంలో ఒక గడి. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కళాకారుల్ని పరీక్షించే బల్ల దగ్గర తెలుగు వచ్చిన ఒక మనిషి. మాతోపాటు ఇలా తిరుగుతున్న హార్మోనిస్టులు, బుర్రకథ వాళ్ళు, హరిదాసులు నా కొట్టుకే వస్తారు, వాళ్ళ ఫారాలూ నా దగ్గరే ఉన్నాయి. కావాలంటే పంపుతాను.

అప్పని మళ్ళీ మెట్లెక్కించను. మీ మనుషులే రావాలి. పొద్దున్న పదకొండు లోపు వస్తే మంచిది, మధ్యాహ్నం పడుకుంటుంది. శ్రుతికి మా నాన్న హార్మోనియం మా ఇంట్లోనే ఉంది. రెండు రీడ్లు పలకవు, ఆ రెండూ అప్ప తన గొంతుతోనే పూరించుకుంటుంది.

ఇట్లు,
ఒక జెరాక్సు కొట్టువాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా